డెస్ మోయిన్సా, డిమాయినా, దే మ్వానా?

అయోవా రాష్ట్ర రాజధానిలో మీకు ఉద్యోగం ఖాయమైందని, ఇంటర్వ్యూలో మీరు ఆ ఊరిని ‘డెస్ మోయిన్స్’ అంటే అవతల మేనేజరు మాట్లాడినంతసేపూ ‘డిమాయిన్’ అన్నారని రాశారు. ఫ్రెంచ్ కోర్సు చేసిన మీ రూమ్మేట్ ఆ రెండూ తప్పేనని, అసలు పలుకు ‘దే మ్వాన్’ అని పట్టుబడుతున్నాడట. ఉద్యోగంలో చేరాక ఏమనాలి, మెయిళ్ళలో ఆ పేరు ఎలా వాడాలి, ఇంటికి తెలుగులో ఎలా రాయాలి అన్నది మీ ప్రశ్న.

ఇంగ్లీషులో మాట్లాడుతున్నప్పుడు ‘డిమాయిన్’ అనండి. స్పెల్లింగులో ఉన్న రెండు ఎస్‌లూ పలకవు. నలుగురూ అంటున్నారు కాబట్టి సర్దుకుపోయి మనమూ అనాల్సిన పలుకు కాదిది. ఇంగ్లీషులో ఆ ఊరికి ఉన్న సరైన పేరే అది. నేను కాలేజీలో ఫ్రెంచ్ చదువుకున్నాను. తర్వాత ఉద్యోగరీత్యా మిడ్‌వెస్ట్‌లో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను. కొత్తగా వచ్చే మన పిల్లలకు ఇంగ్లీషు పలుకుబడి విషయంలో సాయం చేస్తుంటాను. మీ రూమ్మేట్ వాదన చాలామంది నోట విన్నాను కనుక దానికి కూడా వివరంగానే జవాబు రాస్తాను.

ముందు నోటికి పట్టించే సంగతి. మనం రోజూ ‘జాయిన్’, ‘కాయిన్’ అంటాం కదా. ‘జాయిన్’లో జ తీసేసి మ పెట్టండి: ‘మాయిన్’. దాని ముందు ‘డి’ని చాలా తేలిగ్గా, దాదాపు వినిపించీ వినిపించనట్టు అనండి. కొందరు అక్కడివాళ్ళు దాన్ని ‘డ’కు దగ్గరగా కూడా పలుకుతారు. బరువంతా ‘మాయిన్’ మీదే. రెండు మాటలుగా విడదీయకుండా ఒకే మాటలా కలిపి అనాలి. ‘న్’ దగ్గర ఆగిపోవాలి. మన నాలుక అలవాటు కొద్దీ చివర చిన్న ‘ఉ’ చేర్చి ‘డిమాయిను’ అంటుంది, దాన్ని మాత్రం కాస్త ఆపుకోండి.

ఈ బరువు సంగతి ఎస్‌ల కంటే ముఖ్యం. తెలుగులో ఒక మాటలోని అక్షరాలన్నిటినీ దాదాపు సమానంగా నొక్కి పలికినా అర్థం చెడదు. ఇంగ్లీషు వినేవాళ్ళు మాత్రం బరువు ఎక్కడ పడిందో చూసి మాటను పట్టుకుంటారు. రెండు ఎస్‌లూ వదిలేసి కూడా ‘డీ-మాయిన్’ అని మొదటి ముక్కను సాగదీసి నొక్కితే అవతలివాళ్ళు ఒక్క క్షణం తడబడతారు. రాష్ట్రం పేరుతో కూడా ఇదే జరుగుతుంది. మనం ‘అయోవా’లో ‘యో’ని నొక్కుతాం. వాళ్ళు మొదటి ‘ఐ’ని నొక్కి మిగతాది తేలిగ్గా వదిలేస్తారు, ‘ఐఅవ’ అన్నట్టు వినిపిస్తుంది. ఈ రెండూ కలిపి నాలుగైదుసార్లు గట్టిగా అనుకుంటే చాలు.

ఇంటర్వ్యూలో అలా అన్నానే అని టెన్షన్ పడుతున్నారు కదా, ఆ అవసరం లేదు. బయటి ఊళ్ళనుంచి ఫోన్ చేసే అమెరికన్లు కూడా ఆ ఎస్‌లు పలుకుతుంటారు. మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్నారంటేనే వాళ్ళు దాన్ని పట్టించుకోలేదని అర్థం. చేరిన తర్వాత కూడా అలాగే అంటూ ఉంటే మాత్రం బాగుండదు. ఉంటున్న ఊరి పేరును ఆ ఊరివాళ్ళలా అనడం కనీస మర్యాద అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక మీ రూమ్మేట్ అంటున్న ‘అసలు పలుకు’ దగ్గరకు వద్దాం. ఊరికి ఆ పేరు నది నుంచి వచ్చింది. 1673లో ఫ్రెంచివారైన జాక్ మార్కెట్, లూయీ జోలియే మిస్సిసిప్పి నది మీద పడవల్లో కిందికి వెళ్ళారు. ఆ ప్రయాణం తర్వాత మార్కెట్ గీసిన పటంలో ఆ ప్రాంతపు తెగ పేరు ఒకటి కనిపిస్తుంది, సుమారుగా ‘మొయింగ్వెనా’ అని చదువుకోవచ్చు. ఇల్లినాయ్ జాతుల కూటమిలో ఒక తెగ అది. ఆ తెగ పేరుతో ఫ్రెంచివాళ్ళు నదిని పిలిచారు. పొడవాటి తెగ పేర్లను మొదటి ముక్కతో సరిపెట్టడం అప్పటి ఫ్రెంచి వ్యాపారులకు అలవాటు. అలా ‘మొయిన్’ మిగిలింది, దాని ముందు ఫ్రెంచ్ ‘దే’ చేరింది. ఫ్రెంచిలో సన్యాసులను కూడా అలాగే అంటారు కనుక స్పెల్లింగు ఆ మాటలోకి ఒదిగిపోయింది, ‘సన్యాసుల నది’ అనే అర్థం పుట్టుకొచ్చింది. ట్రాపిస్టులనే క్రైస్తవ సన్యాసులు ఆ చుట్టుపక్కల నివసించారు కాబట్టే ఈ పేరు అనేవాళ్ళూ ఉన్నారు. అయితే ఆ సన్యాసులు మిస్సిసిప్పి లోయకు వచ్చింది 1800 దాటాక. నది పేరు అంతకు ఎంతో ముందునుంచీ ఉంది. అందుకే చరిత్రకారుల్లో ఎక్కువమంది తెగ పేరు వైపే మొగ్గుతారు.

అంటే మీ రూమ్మేట్ దేన్ని అసలుది అంటున్నాడో ఆ ఫ్రెంచి పేరే మరో జనం పేరుకు తోక కత్తిరించి చేసిన రూపం. అసలు పలుకే కావాలని పట్టుబడితే ఫ్రెంచి దగ్గర ఆగడానికి కారణం కనిపించదు, ఆ తెగవాళ్ళ దాకా వెళ్ళాలి.

నది నుంచి ఊరికి ఆ పేరు వచ్చిన తీరు కూడా చెప్పుకోదగ్గది. 1843లో జేమ్స్ అలెన్ అనే కెప్టెన్ రెండు నదులు కలిసేచోట సైనిక శిబిరం కట్టించాడు. ఒకటి ఈ నది, రెండోది రకూన్ నది. ఆయన దానికి ఫోర్ట్ రకూన్ అని పేరు పెడదామనుకున్నాడు. పైవాళ్ళు ఒప్పుకోక ఫోర్ట్ డిమాయిన్ అన్నారు. 1857లో ముందున్న ‘ఫోర్ట్’ పోయింది, అదే ఏడాది అయోవా సిటీ నుంచి రాజధాని ఇక్కడికి మారింది. ఈ కథలో ఫ్రెంచివాళ్ళెవరూ లేరు, గమనించండి. ఫ్రెంచి దేశం ఆ నేలను 1803లోనే లూసియానా కొనుగోలు కింద అమెరికాకు అమ్మేసింది. ఊరు పుట్టినప్పటినుంచీ దాన్ని పిలిచింది ఇంగ్లీషు మాట్లాడే జనమే. ఫ్రెంచి ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతిలో పాడైపోయిందన్న ఊహకు ఇక్కడ ఆధారమే లేదు.

సరే, మరి ‘మ్వాన్’ ఎందుకు ‘మాయిన్’ అయింది? ఓ, ఐ అనే రెండక్షరాలు పక్కపక్కన వస్తే ఇప్పటి ప్యారిస్ ఫ్రెంచిలో ‘వా’ అని పలుకుతారు. ఎప్పుడూ అలాగే లేదు. మధ్యయుగపు పాత ఫ్రెంచిలో అది ‘ఒయ్’కి దగ్గరగా ఉండేది. ఇంగ్లీషులోకి జాయిన్, పాయింట్ లాంటి మాటలు వచ్చింది ఆ కాలంలోనే, అందుకే ఇంగ్లీషులో ఆ రెండక్షరాలను ఇప్పటికీ ‘ఆయ్’ అని చదువుతారు. తర్వాత ఫ్రెంచిలో అది ‘వె’గా మారింది. మార్కెట్, జోలియే కాలానికి చదువుకున్నవాళ్ళ నోట ఆ ‘వె’నే వినిపించేది. ‘వా’ అనే పలుకు ప్యారిస్ మామూలు జనంలో ఉండి, 1789 విప్లవం తర్వాతే పెద్దల భాషగా నిలబడింది. కెనడాలోని క్విబెక్‌లో పాత తరం పల్లెటూరి మాటల్లో ‘మ్వా’కు బదులు ‘మ్వే’ ఇప్పటికీ వినిపిస్తుంది. కాబట్టి ఆ నదికి పేరు పెట్టిన ఫ్రెంచివాళ్ళు ‘దే మ్వాన్’ కాకుండా ‘దే మ్వెన్’ లాంటిదే అని ఉంటారు. మీ రూమ్మేట్ చెబుతున్నది నేటి ప్యారిస్ పలుకు. ఫ్రెంచి మాట్లాడేటప్పుడు అదే సరైనది, ఆ మేరకు అతనిదీ నిజమే. ఇంగ్లీషు మీటింగులోకి దాన్ని తీసుకొస్తేనే చిక్కు.

అతన్ని ఒక్క మాట అడిగి చూడండి. ఫ్రాన్స్ రాజధానిని ఇంగ్లీషులో ఏమంటాడు? ప్యారిస్ అనే అంటాడు, చివరి ఎస్‌తో సహా. ఫ్రెంచివాళ్ళు ఆ ఎస్ పలకరు, ‘పారీ’ అంటారు. నిఖార్సయిన ఫ్రెంచి ఊరినే ఇంగ్లీషులో ఇంగ్లీషుగా పిలుస్తున్నప్పుడు అమెరికా నడిబొడ్డున ఉన్న ఊరిని ఫ్రెంచిలో పిలవమనడంలో అర్థం లేదు.

ఇప్పుడు అసలైన జాగ్రత్త. డిమాయిన్ నేర్చుకోగానే మనకు ఒక సూత్రం దొరికినట్టు అనిపిస్తుంది: ఫ్రెంచి స్పెల్లింగయితే ఎస్ పలకకూడదు అని. ఆ సూత్రంతో మీరు షికాగోలో విమానం దిగగానే ఇబ్బంది పడతారు. ఓహేర్ విమానాశ్రయం పక్కనే అదే ‘డెస్’తో మొదలయ్యే ఊరు ఉంది, రే క్రాక్ 1955లో తన మొదటి మెక్‌డొనాల్డ్స్ తెరిచిన ఊరు. దాన్ని ‘డెస్ ప్లెయిన్స్’ అంటారు, రెండు ఎస్‌లూ స్పష్టంగా పలుకుతారు. అక్కడ ‘డిప్లెయిన్’ అంటే ఎవరికీ అర్థం కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో సియాటెల్‌కు దక్షిణంగా సముద్రపు పాయ ఒడ్డున ఇంకో డిమాయిన్ ఉంది. 1889లో దాన్ని స్థాపించినవాళ్ళలో ఒకరు అయోవా ఊరి పేరే పెట్టారు. స్పెల్లింగు అక్షరం కూడా తేడా లేదు. కానీ అక్కడ చాలామంది చివరి ఎస్ పలికి ‘డిమాయిన్జ్’ అంటారు. సియాటెల్ వైపు మనవాళ్ళు ఎక్కువ కనుక అక్కడ మీకు చుట్టాలుంటే వాళ్ళు మిమ్మల్ని సరిదిద్దవచ్చు. వాళ్ళ ఊరికి వాళ్ళది సరైనది, మీ ఊరికి మీది సరైనది.

మిస్సిసిప్పి నది మీద సెయింట్ లూయిస్ దగ్గర నిలబడితే ఇంకా బాగా తెలుస్తుంది. ఈ ఒడ్డున ఉన్న ఊరిపేరులో ఎస్ పలుకుతారు: లూయిస్. 1764లో ఫ్రెంచి వ్యాపారులు పియెర్ లక్లేడ్, ఒగుస్త్ షూటో స్థాపించిన ఊరది, ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ పేరు పెట్టారు. ఎదురుగా ఉన్న ఒడ్డు ఇల్లినాయ్ రాష్ట్రం, అక్కడ ఎస్ పలకరు. ఇక కెంటకీలో లూయీవిల్ ఉంది, పదహారో లూయీ పేరు మీద. దాన్ని అక్కడివాళ్ళు ‘లూవల్’ అన్నట్టుగా మింగేస్తారు, ఎస్ అసలు లేదు. అదే స్పెల్లింగుతో కొలరాడోలో ఉన్న చిన్న ఊరు లూయిస్‌విల్, ఎస్‌తో. ఆ ఊరికి ఆ పేరొచ్చింది లూయిస్ అనే మామూలు మనిషి నుంచి, రాజు నుంచి కాదు.

మన తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్న డెట్రాయిట్ కూడా ఫ్రెంచి పేరే. 1701లో కాడిలాక్ అనే ఫ్రెంచి అధికారి అక్కడ కోట కట్టినప్పుడు పెట్టింది. రెండు సరస్సుల మధ్య ఇరుకుగా సాగే నీటిదారి ఒడ్డున ఉంది కాబట్టి ఆ పేరు. ఫ్రెంచిలో చివరి టీ పలకదు, ‘దేత్రువా’ లాగా వినిపిస్తుంది. ఇంగ్లీషులో ‘డిట్రాయిట్’, రెండో ముక్క మీద బరువు. మొదటి ముక్కను నొక్కి ‘డీట్రాయిట్’ అనేవాళ్ళూ ఉన్నారు. ఆ ఊరి రోడ్ల పేర్లు కొత్తవాళ్ళకు ఇంకా కష్టం. ‘గ్రాటియట్’ అని చదివే రోడ్డును ‘గ్రాషట్’ అంటారు. ‘లివర్నాయ్’లో ఎస్ పలకదు. ఎండాకాలం సెలవుల్లో అందరూ వెళ్ళే ఉత్తరపు ద్వీపం ‘మాకినాక్’ కాదు, ‘మాకినా’. ఇంకా పైకి వెళ్తే ‘సాల్ట్’ అని చదవాలనిపించే ఊరొకటి ఉంటుంది, దాన్ని ‘సూ సెయింట్ మరీ’ అంటారు.

రాష్ట్ర రాజధానుల్లో సౌత్ డకోటాది మరీ చిత్రం. ఫ్రెంచివాళ్ళు మనుషులకు పెట్టుకునే పియెర్ అనే పేరే ఊరిదీ, పియెర్ షూటో జూనియర్ అనే బొచ్చు వ్యాపారి మీద వచ్చింది. ఊరిని మాత్రం ‘పీర్’ అంటారు, పీర్ల పండుగలోని పీర్ లాగే. ఐడహో రాజధానిని అక్కడివాళ్ళు ‘బాయ్‌సీ’ అంటారు, బయటివాళ్ళు ‘బాయ్‌జీ’ అంటారు. అక్కడి మైక్రాన్ కంపెనీలో ఉద్యోగానికి వెళ్ళే మన ఇంజనీర్లు ఆ ‘సీ’ని ముందే పట్టుకుంటే మంచిది. కెంటకీలో ‘వెర్సాయ్’ అని రాసిన ఊరిని ‘వర్సేల్స్’ అంటారు. ఇండియానాలో టెర హోట్, దగ్గరదగ్గర ‘టెరహోట్’. విస్కాన్సిన్‌లో ఓ క్లెయిర్, ఇది ఫ్రెంచికి చాలావరకు దగ్గరగానే నిలిచింది. న్యూ ఆర్లీన్స్ అని మనం రాసే ఊరిని అక్కడివాళ్ళు ‘న్యూ ఆర్లిన్స్’ అని మొదటి ముక్క నొక్కి పొట్టిగా అంటారు. అదే ఊరు ఉన్న జిల్లాను మాత్రం ‘ఆర్‌లీన్స్’ అని సాగదీస్తారు. ఒకే మాట, ఒకే చోటు, రెండు పలుకులు. అక్కడే షార్త్ర అనే ఫ్రెంచి పట్టణం పేరున్న వీధి ‘చార్టర్స్’ అయింది.

ఇవన్నీ బట్టీ పట్టమని చెప్పడం లేదు. ఫ్రెంచి తెలిసి ఉండటం ఈ పేర్లలో దేనికీ హామీ ఇవ్వదని చూపించడానికే రాశాను. నిజానికి ఫ్రెంచి తెలియనివాళ్ళ కంటే తెలిసినవాళ్ళే ఇక్కడ ఎక్కువ తడబడటం నేను చూశాను, ఎందుకంటే వాళ్ళు చెవిని వదిలి చదువును నమ్ముతారు. ఒక్కో ఊరిని ఒక్కో కొత్త మనిషిలా పరిచయం చేసుకోవాలి.

పేరు పలికే హక్కు ఎవరిది అన్న తగాదా ఒక రాష్ట్రంలో చట్టసభ దాకా వెళ్ళింది. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న బెంటన్‌విల్‌కు వెళ్ళే మనవాళ్ళందరికీ పరిచయమైన ఆర్కన్సా రాష్ట్రమే అది. క్వాపా తెగను పక్క తెగలు పిలిచే పేరును ఫ్రెంచివాళ్ళు తమ స్పెల్లింగులో రాశారు, చివర పలకని ఎస్ తగిలించారు. కొందరు ‘ఆర్కాన్జస్’ అని, కొందరు ‘ఆర్కన్సా’ అని పలుకుతూ గొడవ పడుతుంటే 1881లో ఆ రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి చివరి ఎస్ పలకకూడదని తేల్చింది. అయినా ఆ రాష్ట్రం పేరే ఉన్న నది కాన్సస్ రాష్ట్రంలోంచి పారేటప్పుడు అక్కడివాళ్ళు దాన్ని ‘ఆర్కాన్జస్ నది’ అనే అంటారు. నది ఒకటే, సరిహద్దు దాటగానే పేరు మారుతుంది. వేరే రాష్ట్రపు తీర్మానం వాళ్ళ నోళ్ళకు వర్తించదు.

మీకు బాగా పనికొచ్చే ఉదాహరణ ఇంకొకటి. డిమాయిన్ చుట్టుపక్కల ఉన్న మన వాళ్ళంతా వెళ్ళే హిందూ దేవాలయం మాడ్రిడ్ అనే చిన్న ఊళ్ళో ఉంది. స్పెయిన్ రాజధాని పేరే. కానీ అయోవాలో దాన్ని ‘మ్యా’ మీద బరువు పెట్టి ‘మ్యాడ్‌రిడ్’ అంటారు. ఆ పక్కనే నెవాడా అనే ఊరుంది, ‘నెవేడ’ అనాలి. ఇవి ఫ్రెంచి పేర్లు కావు గానీ మీరు చేరిన నెలలోనే వీటితో పని పడుతుంది, అందుకని చెబుతున్నాను. గుడికి దారి అడిగేటప్పుడు స్పెయిన్ పలుకు అక్కరకు రాదు.

మన నేల మీద జరిగింది చూస్తే ఈ విషయంలో మనసు ఇంకా కుదుటపడుతుంది. రెండో నిజాం కొలువులో సైన్యాధికారిగా పనిచేసిన ఫ్రెంచివాడు రేమండ్ 1798లో హైదరాబాదులో చనిపోయాడు. జనం ఆయన్ని మూసా రహీం అని, మూసా రాం అని పిలుచుకున్నారు. ‘మొస్యో రేమోఁ’ లాంటి ఫ్రెంచి పిలుపు మన నోట అలా స్థిరపడింది. మూసారాంబాగ్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చిందని చెబుతారు. ఇప్పుడు ఒక ఫ్రెంచి అతను మూసారాంబాగ్‌లో ఆటో ఎక్కి, మీరంతా మా రేమండ్ పేరును పాడుచేశారు, సరిగ్గా పలకండి అంటే మనం ఒప్పుకోం. ఒప్పుకోనక్కరలేదు కూడా. అది ఇప్పుడు మన బస్తీ పేరు. ఇటునుంచి అటు జరిగింది కూడా ఉంది. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం పేరును వాళ్ళు తమ పద్ధతిలో ‘యనాఓఁ’ అని పలికేలా రాసుకున్నారు. గోదావరి ఒడ్డున పుట్టిపెరిగినవాళ్ళు మాత్రం యానాం అనడం ఎప్పుడూ మానలేదు. ఫ్రెంచి కాగితాల్లో ఏముందన్న దానితో వాళ్ళకు పని లేదు. డిమాయిన్ వాళ్ళకు మనం ఇవ్వాల్సిన గౌరవం కూడా సరిగ్గా ఇంతే.

ఒక చోట మాత్రం రెండు పలుకులూ నిజంగా పక్కపక్కనే బతుకుతాయి. కెనడాలోని మాంట్రియాల్‌లో ఫ్రెంచి ఇప్పటికీ జనం భాష. ఇంగ్లీషులో మాట్లాడితే ‘మంట్రియాల్’, ఫ్రెంచిలో మాట్లాడితే టీ లేకుండా ‘మోరెయాల్’. అక్కడివాళ్ళు వాక్యం ఏ భాషలో ఉంటే పేరును ఆ భాషలో అంటారు, ఒకే మనిషి ఒకే నిమిషంలో రెండూ అంటాడు. మీ రూమ్మేట్ ఎప్పుడైనా ఫ్రెంచిలో అయోవా గురించి మాట్లాడితే నిక్షేపంగా ‘దే మ్వాన్’ అనమనండి. అక్కడ ‘డిమాయిన్’ అంటేనే తేడాగా ఉంటుంది.

కొత్త ఊరి పేరు ఎలా తెలుసుకోవాలంటే మ్యాపుల యాప్‌లో వినిపించే గొంతును నమ్మకండి. ఆ ఊరి టీవీ ఛానల్‌లో వాతావరణ వార్తలు వినండి, అందులో చుట్టుపక్కల ఊళ్ళ పేర్లన్నీ వరసగా వస్తాయి. మునిసిపల్ కౌన్సిల్ సమావేశాల వీడియోలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, మొదటి రెండు నిమిషాలు వింటే చాలు. అదీ దొరకకపోతే ఆ ఊరి పబ్లిక్ లైబ్రరీకి ఫోన్ చేయండి, ఫోన్ ఎత్తగానే వాళ్ళే ఊరి పేరు చెబుతారు. మనిషిని నేరుగా అడగడమైతే ఇంకా మంచిది. మీ ఊరి పేరు మీరెలా అంటారండీ అని అడిగితే నొచ్చుకున్నవాళ్ళను నేను చూడలేదు.

ఇక వాడకం. రాతలో ఆ పేరు రెండు మాటలు, మధ్యలో ఖాళీ ఉండాలి. వాక్యం మధ్యలో వచ్చినా ‘డెస్’లోని డి పెద్దక్షరమే. ఫ్రెంచిలో అలాంటి ‘దే’ని చిన్నక్షరంతో రాసే అలవాటు ఉంది, ఫ్రెంచి చదివినవాళ్ళు అదే పద్ధతిలో రాసేస్తారు. ఇంగ్లీషులో అలా రాయకూడదు. పేరును కలిపి రాయడం, మధ్యలో అడ్డగీత (హైఫన్) పెట్టడం కూడా తప్పే. మీరు చేరబోయే ఇన్సూరెన్సు రంగంలో ఫారాలు, పాలసీ అడ్రసులు ఎక్కువ కాబట్టి ఇది పట్టించుకోవాల్సిందే. ఆఫీసు మెసేజుల్లో ఊరిని క్లుప్తంగా డీఎస్ఎమ్ అంటారు. అది విమానాశ్రయం కోడ్ కూడా. పక్కనే వెస్ట్ డిమాయిన్ అని వేరే మునిసిపాలిటీ ఉంది, అది ఈ ఊళ్ళో పడమటి పేట కాదు. అడ్రసులో ‘వెస్ట్’ వదిలేస్తే ఉత్తరం వేరే ఊరికి పోవచ్చు.

ఫోన్లో బయటి రాష్ట్రం వాళ్ళకో, ఇండియాలోని టీముకో ఊరి పేరు చెప్పాల్సి వస్తే ముందు ‘డిమాయిన్, అయోవా’ అని మామూలుగా అనండి. అర్థం కాకపోతే స్పెల్లింగు అక్షరం అక్షరం చెప్పండి, అంతేగానీ వాళ్ళకు సులువవుతుందని ‘డెస్ మోయిన్స్’ అని తిరగేయకండి. కస్టమర్ అవతలినుంచి ‘డెస్ మోయిన్స్’ అంటే సరిదిద్దకండి. మీ వాక్యంలో మీరు ‘డిమాయిన్’ అంటూ పొండి, వాళ్ళకే తెలుస్తుంది.

మీరు ప్రత్యేకంగా అడిగిన అపోస్ట్రఫీ సంగతి. ‘డిమాయిన్ యొక్క’ అని రాయాలంటే చివరి ఎస్ తర్వాత ఒట్టి అపోస్ట్రఫీ చాలా, ఇంకో ఎస్ కూడా పెట్టాలా? అమెరికా పత్రికల శైలిలో ఎస్‌తో ముగిసే పేర్లకు ఒట్టి అపోస్ట్రఫీ పెడతారు. పుస్తకాలు వేసేవాళ్ళలో చాలామంది ఇంకో ఎస్ కూడా చేరుస్తారు. ఆర్కన్సా వాళ్ళయితే 2007లో దీని మీద కూడా తీర్మానం చేసి ఎస్ చేర్చాలన్నారు. మీ కంపెనీకి స్టైల్ గైడ్ ఉంటే దాన్నే అనుసరించండి, లేకపోతే ఒకటి ఎంచుకుని మెయిల్ అంతా అదే వాడండి. రాతలో ఏది పెట్టినా పలికేటప్పుడు ‘డిమాయిన్జ్’ అనే వస్తుంది. పలకని ఎస్ అలాగే ఉండిపోయి, కొత్త ఎస్ మాత్రం వినిపిస్తుంది. వీలైతే ‘డిమాయిన్ ఆఫీసు’, ‘డిమాయిన్ టీము’ అని వాక్యం తిప్పి రాసుకుంటే ఈ తలనొప్పే ఉండదు. నేను అలాగే చేస్తాను.

తెలుగులో రాయడానికి నా సలహా ‘డిమాయిన్’. ‘డెస్ మోయిన్స్’ అని రాసేవాళ్ళు స్పెల్లింగు చూసి అక్షరాలు దించుతున్నారు. మనం డెట్రాయిట్ అంటున్నాం, ఇల్లినాయ్ అంటున్నాం, ఆ రెండింటిలోనూ ఉన్నది ఇదే ఓ-ఐ జంట, రెండుచోట్లా ‘ఆయ్’ అనే రాస్తున్నాం. డిమాయిన్ కూడా ఆ వరసలోదే, విడిగా ‘మోయిన్’ అని రాయడానికి కారణం లేదు. ఇంట్లోవాళ్ళు దాన్ని చదివి ఎలా పలికినా అది ఆ ఊరివాళ్ళ పలుకుకు దగ్గరగా వస్తుంది. అమ్మావాళ్ళు ‘డిమాయిను’ అని చివర ఉకారం చేర్చి, ‘మా అబ్బాయి డిమాయిన్లో ఉంటాడు’ అని మన విభక్తులు తగిలించి మాట్లాడతారు. తెలుగు వాక్యంలో అలా మాట్లాడటమే సహజం, వాళ్ళను ఆపకండి. పార్శిల్ మీద అడ్రసు మాత్రం మీరే ఇంగ్లీషులో టైపు చేసి పంపండి. ఊరి పేరు పక్కన రాష్ట్రం పేరు, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్ తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఆ స్పెల్లింగుతో సియాటెల్ దగ్గర ఇంకో ఊరు ఉందని పైన చెప్పాను కదా. విమానం టికెట్ బుక్ చేసేటప్పుడు కూడా డీఎస్ఎమ్ కోడ్ చూసి మరీ బుక్ చేయండి.